డేక్సా మీది పేరు

నేను నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్తాను. ఆ వారం చైనా పాఠం. ఊరూరా ఉక్కు తయారు చేయాలని పైనుంచి ఆదేశం వస్తే జనం ఇంట్లోని మూకుళ్లు కూడా కొలిమిలో వేశారు. వచ్చింది పనికిరాని ఇనుప ముద్ద. కొన్నేళ్లకు ఇంకో ఊపు. నాయకుడి బొమ్మ ఉన్న పేపరులో చేపలు చుట్టినా ఇరుగుపొరుగే నిలదీసేవారు. పిల్లలు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మన దగ్గర ప్రభుత్వం మారి నాలుగు రోజులే అయింది.

మా అమ్మ ఆళ్లగడ్డలో సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నాయన పోయాక ఆ పనే ఆధారం. ప్రభుత్వం మారితే మా వైపు అందరికంటే ముందు మారేది బడిలో వంటమనిషి. దానికి తోడు, సొంత దుడ్లతో కొన్న పెద్ద స్టీలు డేక్సా మీద అమ్మ తన పేరు కాక అప్పటి నాయకుడి పేరు కొట్టించింది. ఆ పేరుంటే దొంగలు ముట్టరట. ఇప్పుడాయన ఓడిపోయాడు.

ఆదివారం మా పాపను చంకనేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను.

"ఆ పేరు చెరిపించమ్మా."

"స్టీలు మీద కొట్టింది యాడ పోతాది మే? పలకనుకున్యావా?"

"చైనాలో ఇంతకన్నా చిన్నదానికి మెడలో బోర్డు కట్టి ఊరంతా తిప్పినారు."

"వంటోళ్లను గూడానా?"

"ఎవర్నైనా."

"మరి ఆ పొద్దు అన్నం ఎవరొండిరి?"

ఆ సంగతి మా పాఠ్యపుస్తకంలో లేదు.

చివరికి డేక్సాను ఆటోలో పాత్రల అంగడికి తీసుకెళ్లాం. పేర్లు కొట్టే ఆయన మమ్మల్ని చూడగానే, "మీరు ఆరోవాళ్లమ్మా. ఎలక్షన్లయినాక పెండ్లిండ్ల కంటే ఇదే గిరాకీ" అన్నాడు. పేరు కనపడకుండా దానిమీద పూలతీగ చెక్కాడు. పేరు పోలేదు. దానికి అలంకారం జరిగింది.

సోమవారం నేను సెలవు పెట్టి, పాపను ఎత్తుకుని అమ్మతో బడికి వెళ్లాను. గెలిచిన పక్షం తరఫున ఊళ్లో పెత్తనం చేసే ఆయన ఇద్దరు మనుషులతో వచ్చి నేరుగా పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

"ఏందక్కా, ఓడిపోయినాయనకు పూలేస్తాండావ్?"

"పేరు పోవాలని ఏపిస్తి నాయనా. పోలే."

"సరే. మా నాయకుని పేరు కొట్టిచ్చుకో. పనిలో ఉండు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో అమ్మ గరిటె ఆపకుండానే అంది:

"స్టిక్కర్ ఉంటే తెచ్చియ్ నాయనా. కొట్టిస్తే ఐదేండ్లకు మళ్లా పూలు పెట్టేకి జాగా యాడుంటాది?"

నేను పాపను గట్టిగా హత్తుకున్నాను. మెడలో బోర్డు ఎంత బరువుంటుందో అని కూడా అనిపించింది. ఆయన వెనకున్న ఇద్దరిలో ఒకడు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆయన వాడి వైపు ఉరిమి చూసి, అమ్మ వైపు తిరిగి, తనకూ నవ్వొస్తుంటే మీసం సవరించుకున్నాడు.

"పంపిస్తాలే. పప్పు మాడుతాండాది, చూసుకో."

సాయంత్రానికి స్టిక్కరు వచ్చింది. అమ్మ దాన్ని పూల పక్కన అంటించింది. పని నిలిచిందా లేదా అనే మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే రోజూ పదకొండింటికి, రెండు క్లాసుల మధ్య, ఫోన్ చేస్తున్నాను.

"అన్నం ఉడుకుతాండాది మే, ఫోన్ పెట్టెయ్" అంటుంది.