మగ్గాల గోడకు ఆనించిన పన్నెండు సీసాలు

2022 ఏప్రిల్ మూడో వారం, సిరిసిల్ల. ఇంటి వెనక గది, పది అడుగులు బై ఎనిమిది. గదిలో ఉన్నవి: ఒక టన్ను స్ప్లిట్ ఏసీ ఒకటి, చెక్క చట్రంలో పడుకోబెట్టిన వైన్ సీసాలు పన్నెండు, మేకుకు వేలాడుతున్న థర్మామీటరు ఒకటి, మామిడికాయ తొక్కు జాడీలు రెండు. ఉన్నవాళ్లు: ఇంటాయన సత్తయ్య, ఆయన తమ్ముడు శంకర్, నేను.

నేను మెకానికల్ డిప్లొమా చేసి రిఫ్రిజిరేషన్ పనిలోకి వచ్చినవాణ్ణి. జగిత్యాలలో చిన్న వర్క్‌షాపు ఉంది. జగిత్యాలలో మామిడి మాగబెట్టే గదులు, కోరుట్లలో విత్తనాల కోల్డ్ రూములు, సిరిసిల్లలో పాలు చల్లబరిచే చిల్లర్లు చూస్తాను. ఏప్రిల్‌లో మూడు ఊళ్లలోనూ మిషన్లు ఒకేసారి మొరాయిస్తాయి. ఆ రోజు కోరుట్లలో ఒక మోటారు విప్పి బిగించి, కొండగట్టు, వేములవాడ మీదుగా బైకు మీద సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తొందరగా ముగించుకుని పోవాలన్నదే నా ఆలోచన.

"ఏసీ పదారు కంటె కిందికి దిగుత లేదు బాబు. నాకు పద్నాలుగు గావాలె. ఎండకాలం, సలికాలం ఒక్కతీరుగ ఉండాలె," అన్నాడు సత్తయ్య.

"అంత చల్లగ మీరు పండుకోగలరా కాకా?"

"నాకు గాదు. సీసాలకు."

గుమ్మంలో నిలబడ్డ శంకర్ నవ్వాడు. "మా ఇంట్ల మనుషులకు కూలరు, సీసాలకు ఏసీ. అన్న ఇటలీల పదారేండ్లు సీసాలు కడిగిండు ఇంజనీర్ సాబ్. గందుకే గవంటె పాణం."

సత్తయ్య చిన్నప్పుడు మగ్గం మీద పనిచేసినవాడే. కువైట్ వెళ్లి, అక్కణ్ణుంచి ఇటలీ ఉత్తరాన కొండల్లో ఒక ద్రాక్షతోట యజమాని దగ్గర కుదిరాడు. మొదట పీపాలు కడిగాడు. తర్వాత తర్వాత పీపాల్లోని వైను రుచి చూసి ఏది ఎప్పుడు మార్చాలో చెప్పే పని దాకా ఎదిగాడు. అక్కడి వైను పేరు బరోలో. నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారు. 2015 పంట వైను పీపాల్లో ఉండగా అక్కడి పెద్ద పనివాడు మంచం పట్టాడట. దాన్ని సీసాల్లోకి ఎక్కించే వరకు మొత్తం చూసుకున్నది సత్తయ్యే. తిరిగి వచ్చేటప్పుడు యజమాని ఆ ఏటివే పన్నెండు సీసాలు కట్టి ఇచ్చాడు. పంట నుంచి పదేళ్లు నిండే వరకు తెరవొద్దని చెప్పాడు.

"కల్లు పొద్దుగాల గీస్తె పగటికల్ల తాగాలె. పొద్దుగూకితె పులుస్తది. గీ ద్రాక్షరసం పదేండ్లు పండవెడితె ఏమైతది?" అన్నాడు శంకర్.

"మెత్తవడ్తది."

"నీ తీరుగనా?"

శంకర్ వెళ్లాక సత్తయ్య నాకు కాస్త వివరంగా చెప్పాడు. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వచ్చే ఒగరును టానిన్ అంటారు. నెబ్బియోలోలో అది మరీ ఎక్కువ. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఒగరు మెత్తబడుతుంది, కొంత మడ్డిగా మారి అడుగుకు దిగుతుంది. సీసాను పడుకోబెట్టేది బిరడా తడిగా ఉండటానికి. బిరడా ఎండితే గాలి దూరుతుంది. గాలి దూరితే వైను చస్తుంది. ఆయన వాడిన మాట అదే.

"ఇరవై అయిదుల పదేండ్లు నిండుతయి. అప్పుడు మా శంకరికి పోస్త. వాడు తాగి బాగున్నదనాలె. నేను గక్కడ ఏం పని చేసిన్నో నోటితోటి చెప్తె వానికి సమజ్ కాదు బాబు. నాలిక మీద వెడితేనే అయితది. గప్పటిదాక గీ గదిని కాపాడు."

నేను కాగితం మీద రాసుకున్నాను. వేడి: 14 డిగ్రీలు. తేమ: డెబ్బై శాతం. వెలుగు: వద్దు. వాసనలు: వద్దు. కదలిక: వద్దు. చివరిది ఆయనే రాయించాడు. పాత ఏసీ తీసేసి గోడలకు పఫ్ ప్యానెల్, అంటే రెండు రేకుల మధ్య నురగ నింపిన పలక, బిగించాను. గదిని చల్లబరిచే చిన్న కండెన్సింగ్ యూనిట్ తెచ్చి గది బయట విడిగా స్టాండు వేసి, కింద రబ్బరు దిమ్మలు పెట్టాను. తొక్కు జాడీలు వంటింటికి పోయాయి. సత్తయ్య భార్య నాతో ఆ రోజు మాట్లాడలేదు. నేల చెమ్మ ఎక్కుతోందని సీసాల చట్రాన్ని పైకెత్తి తూర్పు గోడకు నాలుగు బోల్టులతో బిగించాను. అన్నీ అయ్యాక మోటారు బేరింగులు చూసే వైబ్రేషన్ మీటరును చట్రానికి ఆనించాను. 0.2 చూపించింది. అంటే సెకనుకు మిల్లీమీటరులో అయిదో వంతు కదలిక. కాగితంలోని అయిదింటికీ టిక్కు పెట్టి సంతకం చేశాను.

తూర్పు గోడకు అవతల శంకర్ మరమగ్గాల షెడ్డు. నేను పనిచేసిన ఆ మూడు రోజులూ మగ్గాలు నడవలేదు. పడుగు నూలు చుట్టిన బీములు రాలేదట. బీము లేకపోతే మగ్గం లేదు. ఆ నిశ్శబ్దంలో మాట్లాడుకోవడానికి, పని చేసుకోవడానికి హాయిగా ఉంది. అందుకే అది నాకు సౌకర్యంగా తోచింది తప్ప, రాసుకోవలసిన విషయంగా తోచలేదు. వాళ్లూ చెప్పలేదు. చెప్పాలని వాళ్లకు తట్టే విషయం కాదది.

రెండోసారి పిలుపు 2023 డిసెంబరులో వచ్చింది. కోరుట్లలో విత్తనాల లోడు దిగే కాలం. రెండు రోజులు ఆగమన్నాను. "ఆగుత. రెండేండ్ల సంది ఆగుతున్న గద," అన్నాడు సత్తయ్య. మర్నాడే వెళ్లాను.

వీధి మలుపు తిరగ్గానే చప్పుడు వినిపించింది. గది తలుపు తీసి లోపలికి అడుగుపెడితే పాదాల కింద నేల సన్నగా అదురుతోంది. కంట్రోలరు 14 చూపిస్తోంది, తేమ డెబ్బై ఒకటి. నా లెక్క ప్రకారం అంతా బాగుంది. సత్తయ్య ఒక గ్లాసులో వైను తీసుకొచ్చి చట్రం మీద పెట్టాడు. వైను పైభాగమంతా సన్నని వలయాలు. అవి ఆగడం లేదు.

"ఎట్లున్నదో చూద్దామని ఒకటి తెరిసిన. తెరిసే ముందు రెండొద్దులు నిలవెట్టిన. మడ్డి అడుగుకు దిగాలె. దిగలే. సీస మొత్తం కలకగ ఉన్నది."

గ్లాసును తెల్లటి తువ్వాలకు ఎదురుగా పెట్టి చూపించాడు. వానాకాలపు వాగు నీరులా ఉంది. అప్పుడే షెడ్డులోంచి శంకర్ వచ్చాడు, చేతులకంటిన నూనె తుడుచుకుంటూ.

"నాకేది?"

"నీకిప్పుడు గాదు."

శంకర్ వినలేదు. గ్లాసెత్తి ఒక గుక్క తాగాడు. ముఖం ముడుచుకుంది. "ఓయమ్మ. పచ్చి తునికికాయ కొరికినట్టున్నది గదనే. పదారేండ్లు పోయి నేర్సుకొచ్చింది గిదేనా?"

సత్తయ్య గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు. నేను మీటరు తీసి చట్రానికి ఆనించాను. 3.8. షెడ్డులోకి వెళ్లి చూశాను. పదహారు మగ్గాలు, పదహారూ నడుస్తున్నాయి. అన్నీ ఒకే బండ పరుపుకు బిగించి ఉన్నాయి. ఆ బండ పరుపు తూర్పు గోడ పునాదికి ఆనుకుని ఉంది. ఆ గోడకు నేను నాలుగు బోల్టులతో చట్రాన్ని కట్టేశాను. చట్రాన్ని నేల మీదే వదిలేసి ఉంటే ఇంత అదిరేది కాదు.

"తప్పు నాది కాకా," అన్నాను. "మగ్గాలు ఆగినప్పుడు కొలిచిన. నడిచినప్పుడు కొలవలే."

"మగ్గాలు నడుస్తయని నీకు వేరే చెప్పాల్నా? సిరిసిల్లకు అచ్చి?" అన్నాడు శంకర్.

చేయగలిగినవి చెప్పాను. చట్రాన్ని గోడ నుంచి విడదీయడం. కింద ఇసుక పెట్టె, రబ్బరు పలకలు వేయడం. సీసాలను వేరే చోటికి మార్చడం. నాలుగోది నేను చెప్పలేదు. శంకరే అన్నాడు.

"అంటె నా మగ్గాలు బంద్ వెట్టాల్నా అన్నా, నీ సీసాల కోసం?"

"నేనన్ననా?"

"నువ్వనలే. గీ పిలగాని మీటరంటున్నది."

"మీటరు ఎంతనన్న అననీ. మగ్గం ఆగొద్దు. మగ్గం అన్నం వెట్టింది."

సీసాలను మార్చడానికి సత్తయ్య ఒప్పుకోలేదు. కోరుట్లలో నేను చూసే కోల్డ్ రూములో పెడదామంటే, విత్తనాలకు చల్లిన మందు వాసన బిరడాలకు పడుతుందన్నాడు. అదీ నిజమే. బోల్టులు విప్పి, ఇసుక పెట్టె కట్టి, రబ్బరు వేశాను. 3.8 కాస్తా 1.1కి దిగింది. చిన్న మోటారుకైతే 1.8 వరకు ఫరవాలేదని మా పట్టికల్లో ఉంటుంది. వైన్ సీసాకు ఎంత ఫరవాలేదో ఏ పట్టికలోనూ నాకు దొరకలేదు. అదురుకు రుచి ఎంత మారుతుందో కూడా నాకు తెలియదు. మడ్డి దిగకపోవడం మాత్రం కళ్లారా చూశాను. ఆ సాయంత్రం ఇంటికి పోతూ వేములవాడలో టీ తాగడానికి ఆగి, లేవబుద్ధి కాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

మూడో పిలుపు 2025 నవంబరులో. చేసింది సత్తయ్య కాదు, శంకర్.

"ఇంజనీర్ సాబ్, గా మీటర్ వట్టుకొని ఒకపారి రారాదు."

"ఏమైంది కాకా? మిషన్ ఆగిందా?"

"నీ మిషన్ మంచిగనే నడుస్తున్నది. నాయే ఆగినయి."

వెళ్లాను. ఈసారి వీధి మలుపులోనే నిశ్శబ్దం వినిపించింది. ఆర్డర్లు ఏడాదిగా తగ్గుతూ వచ్చి, ఆరు నెలల కింద పూర్తిగా ఆగిపోయాయట. షెడ్డులో ఆరు మగ్గాల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉన్నాయి. మిగతా పదింటి చోట బండల మీద బోల్టుల రంధ్రాలున్నాయి. వాటిని ఇనుప సామాను కింద తూకానికి ఇచ్చేశాడు. ఆయన ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడే పనిలో ఉన్నాడు. ఆ రోజు సెలవు పెట్టాడు.

"మీటర్ వెట్టి కొలువు," అన్నాడు శంకర్.

కొలిచాను. 0.1. ఆ మీటరు అంతకంటే తక్కువ చూపించదు.

"మంచిదేనా?"

"మంచిదే."

"ఇగ తెరువన్నా. పదేండ్లు నిండినయన్నవు గద."

సత్తయ్య కదల్లేదు. "మగ్గాలు వోయిన యాడాది నేను సీస తెరుస్తనారా? ఏం మొఖం వెట్టుకొని తాగాలె?"

"నువ్వు తెరువకుంటె నేను మూతి వలగ్గొడ్త. నీ ఇష్టం."

సత్తయ్య లోపలికి వెళ్లాడు. ఒక సీసాను రెండు రోజుల ముందే నిలబెట్టి ఉంచాడని అప్పుడు తెలిసింది. బిరడా తీసి, సీసాను రెండు చేతులా పట్టుకుని, మడ్డి అడుగునే మిగిలేలా మెల్లగా ఒక గాజు కూజాలోకి వంచాడు. దీన్ని డికాంటింగ్ అంటారు. చివరి మూడు వేళ్ల మందం సీసాలోనే వదిలేశాడు. అరగంట దాన్ని గాలికి ఉంచాడు. తర్వాత మూడు గ్లాసుల్లో అడుగున తడిసేంత పోశాడు.

శంకర్ తన గ్లాసును తెల్ల తువ్వాలకు ఎదురుగా పట్టాడు. ముందు రంగు చూస్తాడనుకున్నాను. ఆయన వైనులోంచి తువ్వాల నేత చూస్తున్నాడు.

"పోగులు లెక్కవెట్టచ్చు," అన్నాడు.

అంచున ఇటుక రంగు, లోపల దానిమ్మ గింజ రంగు. వాసన చూడమన్నాడు సత్తయ్య. ఎండిన గులాబీ, రోడ్డు వేసేటప్పటి డాంబరు రావాలని అంతకుముందు నాకు చెప్పి ఉన్నాడు. శంకర్ ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంచాడు.

"షెడ్డు వాసనొస్తున్నది. నూనె వేడెక్కినప్పటిది."

కాదంటాడేమోనని సత్తయ్య వైపు చూశాను. ఆయన తన గ్లాసు వాసన చూసి, తల ఊపాడు. "అస్తది. గదే."

శంకర్ తాగాడు. నోట్లో కాసేపు ఉంచుకుని మింగాడు. "ఒగరున్నది గని కరుస్త లేదు." ఇంకొక గుక్క. "బాగున్నది."

"ఏమన్నవు?"

"బాగున్నదన్న. చెవుడచ్చిందా నీకు? మగ్గాలు గూడ నడుస్త లేవాయె."

సత్తయ్య నవ్వబోయి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను ఒక్క గుక్క తాగాను. బైకు మీద పోవాలి కాబట్టి అంతే. మంచి వైనుకూ మామూలు వైనుకూ తేడా చెప్పగల నాలుక కాదు నాది. ఒగరు తగిలింది. తర్వాత చాలాసేపు నోట్లో ఏదో మిగిలి ఉంది.

ఈ కేసు నాకు నేర్పింది ఒక్కటే. ఏ కొలతైనా ఆ గంటకే నిజం. అప్పుడు ఏవి నడుస్తున్నాయో, ఏవి ఆగి ఉన్నాయో పక్కన రాయకపోతే అది అంకె మాత్రమే. 2023 తర్వాత నా జాబ్ షీటులో ఒక గడి కలిపాను: కొలిచేటప్పుడు ఆగి ఉన్నవి. మామిడి గదుల్లో, పాల కేంద్రాల్లో ఆ గడి నన్ను చాలాసార్లు కాపాడింది. ఆ నవంబరు మధ్యాహ్నం మాత్రం పెన్ను పట్టుకుని ఆ గడి దగ్గర ఆగిపోయాను. షెడ్డులో కనబడేవి ఆరే.

"ఆరు రాయాల్నా కాకా? మిగతావి ఇగ లేవు గద," అని శంకర్‌ను అడిగాను.

ఆయన షీటు తీసుకుని ఆ గడి పేరు చదివాడు. తిరిగి ఇచ్చాడు.

"లేవని రాయకు. ఆగినయని రాయి. అన్ని రాయి."

రాశాను. కదలిక: 0.1. కొలిచేటప్పుడు ఆగి ఉన్నవి: మగ్గాలు, పదహారు.