అయ్యో అన్నవాళ్ళు మోచెయ్యి పట్టాలి

నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే భిలాయ్‌లో మరోదా అనే పేటలోని మా క్వార్టర్‌కి నన్ను చూడడానికి జనం వచ్చేవారు. నేనేమీ పాటలు పాడేదాన్ని కాను, డాన్సు చేసేదాన్నీ కాను. వాళ్ళు వచ్చేది నా కుడి చెయ్యి చూడడానికి. స్టీల్ ప్లాంటులో ఉద్యోగాల కోసం విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి భిలాయ్ వచ్చి స్థిరపడ్డ మావాళ్ళకి వారంలో దొరికేది ఒక్క సెలవు. ఆ సెలవునాడు ఎవరో ఒకరిని పరామర్శించి రాకపోతే వాళ్ళకి అన్నం సహించేది కాదు. చావు లేకపోతే జ్వరం, జ్వరం లేకపోతే నా చెయ్యి.

నేను పుట్టేటప్పుడు భుజం దగ్గర ఇరుక్కుపోయానట. బయటికి లాగడంలో మెడ నుంచి చేతికి వెళ్ళే నరాలు సాగి దెబ్బతిన్నాయి. రెండు మూడేళ్ళలో భుజం లేచింది, మోచెయ్యి మడతపడింది, వేళ్ళు కూడా ముడుచుకోవడం నేర్చుకున్నాయి. మణికట్టు మాత్రం లేవలేదు. చెయ్యి చాపితే మణికట్టు దగ్గర నుంచి కిందికి వేలాడేది. అలా వాలిపోయిన చేతిలో పిడికిలికి బలం ఉండదు. నమ్మకపోతే మీ మణికట్టు బాగా కిందికి వంచి ఒక పెన్సిలు గట్టిగా పట్టుకుని చూడండి. ఏడేళ్ళు వచ్చినా నా చేతిలో గ్లాసు నిలిచేది కాదు.

ఆసుపత్రిలో పిల్లలకి వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. అమ్మనీ, నాన్నగారి తల్లి అయిన మా మామ్మనీ కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పింది. బయటి ఊరి నుంచి వచ్చే సర్జన్ ఒకాయన ఆపరేషన్ చేసి, మణికట్టుని కిందికి వంచే కండరాల్లో ఒకదాని కొసను తీసి పైకి లేపే వైపు కలుపుతాడు. అయితే అప్పటికి కీలు మెత్తగా ఉండాలి, ఇంకొకరు ఎత్తితే చెయ్యి పూర్తిగా వెనక్కి వెళ్ళాలి. వంగింది వంగినట్టే బిగుసుకుపోతే ఆపరేషన్ చేసి లాభం లేదు. అందుకని రాత్రిపూట, పగలు ఊరికే కూర్చున్నప్పుడు కూడా చేతికింద స్ప్లింట్, అంటే ప్లాస్టిక్ బద్ద, పెట్టి కట్టాలి. ఉదయం, సాయంత్రం ఒకరు మోచెయ్యి కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు అరచేతిని నెమ్మదిగా పైకి ఎత్తి కాసేపు అలా నిలపాలి. సర్జన్ వానలు తగ్గాక వస్తాడు. ఆ రోజుకి నా మణికట్టు ఎలా ఉంటుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

ఉదయం అమ్మా నాన్నా కలిసి ఎలాగో కానిచ్చేవారు. సాయంత్రాలు నాన్న చాలావరకు షిఫ్టులో ఉండేవాడు. మామ్మ వేళ్ళు కీళ్ళవాతంతో కొంకర్లు పోయి ఉండేవి, పట్టు దొరికేది కాదు. ఇక మిగిలింది అమ్మ. నేను కాస్త గొంతెత్తి ఏడిస్తే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. చెయ్యి వదిలేసి నన్ను ఒళ్ళోకి తీసుకునేది. ఒళ్ళో కూర్చుంటే మణికట్టు మెత్తబడదు కదా. మామ్మ గోడకి ఆనుకుని కూర్చుని పళ్ళు నూరుకునేది.

ఆదివారం జనానికి మాత్రం కొదవ లేదు. వాళ్ళందరికీ పెద్ద మా పెదనాన్న. ప్లాంటులో ఫోర్‌మన్, స్మృతి నగర్‌లో సొంత ఇల్లు, ప్రపంచంలో ఆయనకి తెలియని విషయం లేదు. స్కూటర్ దిగుతూనే మొదలుపెట్టేవాడు. ఆడపిల్ల, అందునా కుడి చెయ్యి, రేపు దీని గతేమిటని నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునే అడిగేవాడు. చూసేవాళ్ళకి బాగుండదని నా స్ప్లింట్ తీసి బీరువా మీద పెట్టించేవాడు. వయసు వస్తే అదే సర్దుకుంటుందని తీర్పు చెప్పి, రెండోసారి టీ తాగి వెళ్ళేవాడు. మాటలు కోటలు దాటడం అంటే ఏమిటో నాకు ఏడేళ్ళకే తెలుసు.

ఒక ఆదివారం ఊరికి ఆ చివరనున్న క్యాంప్ 2 నుంచి నాకు అత్త వరసయ్యే ఒకావిడ వచ్చింది. అరటిపళ్ళు నా ఒళ్ళో పెట్టి, కొంగుతో కళ్ళొత్తుకుని, అయ్యో అయ్యో అని రాగం అందుకుంది. మామ్మ లేచి వెళ్ళి ఆవిడ ముందు చాప పరిచింది.

"అయ్యో అన్నావు గదేటే. ఇలగ కూకో. దాని మోచెయ్యి పట్టు."

అత్తకి అర్థం కాలేదు. మామ్మ ఆవిడ రెండు చేతులూ తెచ్చి నా మోచేతికి తగిలించి, అమ్మని పిలిచి అరచెయ్యి ఎత్తమంది. నేను అలవాటు ప్రకారం అరిచాను. అత్త ముఖం చూడాలి. వేడి పెనం ముట్టుకున్నట్టు వదిలేసి, ఇంట్లో పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానని చెప్పి వెళ్ళిపోయింది. క్యాంప్ 2 నుంచి మా ఇంటికి వచ్చేదాకా ఆ పాలు పొంగకుండా ఎలా ఉన్నాయో ఆ దేవుడికే తెలియాలి.

ఆనాటి నుంచి అదే రివాజు అయింది. మా గడపలో అయ్యో అన్నవాళ్ళు మోచెయ్యి పట్టాలి. ఒకాయనకి నడుం పట్టేసేది. ఒకావిడకి ఆ రోజు ఉపవాసం ఉండేది. ఉపవాసానికీ నా మోచేతికీ ఏం సంబంధమో ఎవరూ అడగలేదు. పిల్ల ఏడుపు చూడలేమండీ, మా గుండె అలాంటిది కాదు అనేవాళ్ళు ఎక్కువ. వానలు మొదలయ్యేసరికి ఆదివారాలు ఖాళీ అయిపోయాయి. వాన వల్ల రాలేకపోతున్నామని కబుర్లు మాత్రం పంపేవారు.

మా పక్క క్వార్టర్‌లో ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ ఉండేది. నేను దీదీ అనేదాన్ని. ఆవిడకీ మామ్మకీ ఉప్పూ నిప్పూ. మా మునగచెట్టు ఆకు గాలికి ఎగిరి ఆవిడ ఎండబెట్టుకున్న వడియాల మీద పడేది. ఆవిడ తన భాషలో, మామ్మ మన భాషలో, మధ్య గోడ మీదుగా అరగంట తిట్టుకునేవారు. ఒకరి తిట్లు ఒకరికి సగమైనా తెలిసేవి కావు, అయినా ఏ ఒక్కటీ వృథా పోయినట్టు కనిపించేది కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ మాట అన్నవాడు మా దీదీ నోరు విని ఉండడు.

ఒక సాయంత్రం నేను మామూలుగా ఏడుపు మొదలుపెట్టి, అమ్మ మామూలుగా వదిలేయబోతున్నప్పుడు దీదీ విసురుగా లోపలికి వచ్చింది. రోజూ ఈ గోల ఏమిటి, డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకోవాలా వద్దా అని దులపడం మొదలుపెట్టింది. మామ్మకి అప్పటికే చిరాకు నెత్తికెక్కి ఉంది. వచ్చింది ఎవరని కూడా చూసుకోలేదు, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో రెండు విసిరింది.

"బైఠో. పకడో."

దీదీ తిట్టడం ఆపలేదు, కూర్చుంది. తిడుతూనే మోచెయ్యి పట్టుకుంది. నేను గొంతు పెంచాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "రోనా హై తో రో. హాథ్ మత్ హిలా," అంది. ఏడుస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు అని. నేను ఏడ్చాను, ఆవిడ మునగాకు సంగతికి వెళ్ళిపోయింది. ఎవరూ లెక్కచెయ్యని ఏడుపు ఎంతసేపు ఏడుస్తాం? కాసేపటికి ఆపి ఆ తిట్లే వింటూ కూర్చున్నాను. అమ్మ మొదటిసారి నా అరచేతిని చివరిదాకా ఎత్తి నిలిపింది.

మర్నాడు ఎవరూ పిలవకుండానే వచ్చింది, ఆ మర్నాడు కూడా. నా చెయ్యి ఇలా ఎందుకైందని అడగలేదు, నా పెళ్ళి గురించి బెంగపెట్టుకోలేదు. మామ్మతో తగువు తీరిందనుకుంటున్నారేమో. ఏమీ తీరలేదు, ఇదివరకు గోడ అవతల నుంచి సాగే తగువు ఇప్పుడు మా చాప మీద కూర్చుని సాగేది.

వానలు వెనకబట్టాక సర్జన్ వచ్చాడు. ఆసుపత్రికి అమ్మ, మామ్మ, నేను వెళ్ళాం. పెద్ద డాక్టరు అనేసరికి పెదనాన్న కూడా ఇస్త్రీ చొక్కాతో దిగాడు. సర్జన్ నా అరచేతిని రెండు వేళ్ళతో ఎత్తాడు. అది ఏ అడ్డూ లేకుండా వెనక్కి వెళ్ళింది. ఆయన ముఖం వెలిగింది. ఇంట్లో ఇంత శ్రద్ధగా చేయించింది ఎవరని హిందీలో అడిగాడు. మేము నోరు తెరిచేలోపల పెదనాన్న ముందుకొచ్చి, మా కుటుంబమంతా కలిసి చేశాం సార్ అన్నాడు.

మామ్మ తన పెద్దకొడుకుని కిందినుంచి పైదాకా చూసింది.

"అలగయితే ఓపాలి సేసి సూపించరా."

సర్జన్‌కి తెలుగు రాకపోయినా సంగతి అర్థమైనట్టుంది, నా చెయ్యి ఆయనకి అందించాడు. పెదనాన్న నా నాలుగు వేళ్ళ కొసలు పట్టుకుని పైకి గుంజాడు. వేళ్ళు వెనక్కి విరిగినట్టు వంగాయి, మణికట్టు ఉన్నచోటే వేలాడింది. నేను కెవ్వుమన్నాను. సర్జన్ నా చేతిని ఆయన చేతుల్లోంచి మెల్లగా విడిపించి, మిగతా మాటలన్నీ అమ్మతోనే మాట్లాడాడు. తిరిగి వచ్చేటప్పుడు మామ్మ కొడుకు స్కూటర్ ఎక్కలేదు. రిక్షాలో వచ్చింది. కన్నకొడుకుని అంతగా చీదరించుకోగల మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు ఆవిడని చూసి నాకు గర్వంగా అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

ఆపరేషన్ అయింది. మోచేతి దాకా ప్లాస్టర్ వేసి ఇంటికి పంపారు. ఇక చూడండి, జనం మళ్ళీ వచ్చారు. ఎందుకు రారు? ప్లాస్టర్‌లో ఉన్న చేతిని ఎవరూ పట్టుకోనక్కర్లేదు, మామ్మ చాప పరచలేదు. క్యాంప్ 2 అత్త బత్తాయిలు తెచ్చింది. పెదనాన్న డాక్టర్‌తో తాను ఎలా మాట్లాడిందీ అందరికీ చెప్పాడు. అయ్యో అనే మాట ఇల్లంతా మోగిపోయింది. అన్ని రోజుల్లోనూ దీదీ ఒక్కసారి కూడా గడప తొక్కలేదు. నేను అలిగాను. ఈవిడ కూడా ఇంతేనా అనుకున్నాను.

ప్లాస్టర్ కోసేసిన సాయంత్రం ఎవరూ లేరు. సన్నబడిపోయిన చెయ్యి, దాని మీద కుట్ల గీత, నాకే ముట్టుకోవాలంటే భయంగా ఉంది. డాక్టరమ్మ చెప్పిన కొత్త వ్యాయామం మొదలుపెట్టాలి. ఈసారి చేతిని నేనే లేపాలి, ఒకరు మోచెయ్యి ఆనించి పట్టుకుంటే చాలు. దీదీ కొంగుతో తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి చాప తనే పరుచుకుని కూర్చుంది. నా మోచేతికింద చెయ్యి పెట్టింది. నేను కళ్ళు మూసుకుని ప్రయత్నించాను. మణికట్టు రవ్వంత, నిజంగా రవ్వంత, పైకి లేచింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ్మ గోడవైపు తిరిగింది. దీదీ నా చేతినే చూస్తూ, "ఫిర్ సే," అంది.

మళ్ళీ లేపాను.

ఈ రోజు ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను. మణికట్టు పూర్తిగా లేవదు, కలం పట్టడానికి మాత్రం సరిపోతుంది. నా నోటి వెంట అయ్యో అనే మాట రాదని, రాతి గుండెదాన్నని మా చుట్టాల్లో పేరు పడింది. పడనివ్వండి. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా వెళ్తాను, చేతులు కడుక్కుని ఏం పట్టుకోవాలో చెప్పమంటాను. పట్టుకోవడానికి ఏమీ లేకపోతే లేచి వచ్చేస్తాను.