నీలం నంబరు ప్లేటు, విరిగిన గేటు

2018 ఫిబ్రవరి 20, మంగళవారం, ఉదయం పది గంటలు. ఖరగ్‌పూర్, రైల్వే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు. హాజరైనవారు: ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా నేను, ట్రాక్ విభాగం ఇంజనీరు బిశ్వాస్, రైల్వే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టర్ మిశ్రా, గేట్‌మ్యాన్ యేసురత్నం. రానివారు: కారు డ్రైవరు, కారులో కూర్చున్న అధికారి.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఏ విచారణకైనా వచ్చినవారి పేర్లు రాసుకున్నాను. రానివారిని రాసింది మాత్రం ఆ ఒక్కసారే. రిటైరయ్యాక పాత డైరీలు తిరగేస్తుంటే నా చెయ్యి ఆ పేజీ దగ్గరే ఆగుతుంది.

సోమవారం ఉదయం ఊరి వెలుపలి లెవెల్ క్రాసింగ్ దగ్గర, వస్తున్న లోకల్ రైలు కోసం గేట్‌మ్యాన్ యేసురత్నం బూమ్ దించుతున్నాడు. బూమ్ అంటే రోడ్డుకి అడ్డంగా దిగే పొడవాటి ఇనుప గొట్టం. కోల్‌కతాలోని ఒక విదేశీ కాన్సులేట్ కారు దాని కిందనుంచి దూరబోయి దాన్ని విరగ్గొట్టింది. ఇక రోడ్డు మూసే వీల్లేక యేసురత్నం ఎర్ర జెండా పట్టుకుని పట్టాల వెంట బండికి ఎదురు పరిగెత్తి లోకల్‌ను ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రైవరు మాత్రం గేటు పడేముందు మోగే హూటర్ మోగలేదని, బూమ్ హఠాత్తుగా కారు మీద పడిందని నలుగురి ముందూ అరిచి, జేబులోంచి ఒక కార్డు చూపించి వెళ్లిపోయాడు.

ఇలాంటి సంఘటన జరిగితే మూడు విభాగాల వాళ్లం కూర్చుని తప్పెవరిదో తేల్చి సంతకాలు పెట్టే కాగితాన్ని జాయింట్ నోట్ అంటాం. అందులో ‘బాధ్యులు’ అన్న గడి ఉంటుంది. ఆ గడిని ఖాళీగా వదిలిన నోటును పై ఆఫీసు తిప్పి పంపేది. అందుకని చేతికి దొరికినవాడి పేరే అందులో పడేది. ఈసారి చేతికి దొరికినవాడు యేసురత్నం. డ్యూటీ నుంచి అప్పటికే తప్పించారు. రిటైర్మెంటుకి పదకొండు నెలలే ఉన్నాయి. నోటు అతని పేరు మీద వెళితే ఉద్యోగం ఊడే ప్రమాదం ఉంది. ట్రాఫిక్ కాలనీలో పిల్లలు పుట్టి పెరిగిన క్వార్టరు కూడా పోతుంది.

మిశ్రా ముందే తేల్చేశాడు. “సాబ్, అది నీలం ప్లేటు. సీసీ అని రాసుంది, అంటే కాన్సులేట్ బండి. దాన్ని ముట్టుకుంటే నా టోపీ ఢిల్లీకి పోతుంది.”

“పోనీ, తలకి గాలి తగులుతుంది,” అన్నాడు బిశ్వాస్. “తొందరగా రాసేయండి దాదా. మధ్యాహ్నం నాకు పట్టాల పనుంది.”

నేను రాశాను. ‘వాహనం దౌత్య రక్షణ కలది కనుక అందులోనివారి వాంగ్మూలం తీసుకొనుట సాధ్యపడలేదు. గేట్‌మ్యాన్ బూమ్‌ను ఆలస్యముగా దించినట్లు తోచుచున్నది.’ రాసి, చదివి వినిపించాను. ఈ వాక్యాన్ని ఇప్పుడు చదివినా నాకు సిగ్గేస్తుంది.

యేసురత్నం గోడవారగా నిలబడి ఉన్నాడు. “బాబూ, ఒక్క మాట. ఆల్ని అడిగినారేటి?”

“ఎవరిని?”

“కార్లో ఎనక కూకున్న దొరని. ఆయన నా సేతిలో జెండా సూసినాడు. నా మొకం కూడా సూసినాడు.”

మిశ్రా నవ్వాడు. “అరే భాయ్, వాళ్లని అడగకూడదు. కానూన్.”

“ముట్టుకోకూడదని ఉంటాది సాబ్. అడక్కూడదని కూడా ఉందేటి? నాను ముట్టుకోమన్లేదు గదా.”

మిశ్రా నా వైపు చూశాడు. నేను బిశ్వాస్ వైపు చూశాను. ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ చట్టం చదవలేదు. కాగితం సొరుగులో పెట్టి సాయంత్రం దాకా గడువడిగాను. బిశ్వాస్ గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

ఊళ్లోనే ఝపటాపూర్‌లో సుధారాణి గారని ఒకావిడ అద్దెకుండేవారు. వరంగల్ నుంచి వచ్చి మా ఊరి పెద్ద విద్యాసంస్థలో న్యాయశాస్త్రం చెప్పేవారు. రైలు రిజర్వేషన్ సందేహాలుంటే నాకు ఫోన్ చేసేవారు. ఆ రోజు సందేహం నాది. ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను.

“అందరినీ ఒకే గాటన కట్టేస్తారు సర్. ఢిల్లీ రాయబార కార్యాలయంలో ఉండే దౌత్యవేత్తది పూర్తి రక్షణ. అరెస్టు చేయరాదు, క్రిమినల్ కేసు నడపరాదు, సాక్ష్యం కోసం బలవంతపెట్టరాదు. ఆయనతో ఉండే కుటుంబానికీ అంతే. కోల్‌కతాలో ఉన్నది కాన్సులేట్. కాన్సుల్‌కు కోర్టుల నుంచి రక్షణ ఆయన ఉద్యోగ పనుల వరకే. ఘోరమైన నేరమైతే కోర్టు ఉత్తర్వుతో అరెస్టు కూడా చేయొచ్చు. కారు గుద్ది నష్టం జరిగితే, నష్టపోయినవాళ్లు దావా వేయొచ్చని అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది.”

“సాక్ష్యం?”

“పిలవొచ్చు. రానంటే మాత్రం బలవంతం చేయరాదు. డ్రైవరుది ఏ దేశం?”

“కోల్‌కతా మనిషే.”

“అయితే మీకూ నాకూ ఎంత రక్షణో అతనికీ ఇంచుమించు అంతే. ఆ ప్లేటు బండికి గుర్తు సర్, నడిపేవాడికి కవచం కాదు. ఇంకొకటి రాసుకోండి. ఈ రక్షణ మనిషి సుఖం కోసం ఇచ్చింది కాదు. ఒక దేశం పని ఇంకో దేశంలో ఆటంకం లేకుండా సాగడానికి ఇచ్చింది. అందుకే వదులుకునే హక్కు కూడా ఆ దేశానిదే. రక్షణ ఉన్నవాళ్లు కూడా ఇక్కడి చట్టాలు పాటించాల్సిందే.”

ఆ రోజు కారులో ఉన్న అధికారి కాన్సులే. ఆయనకు ఒక ఉత్తరం అక్కడే రాశాను. అలవాటుకొద్దీ ‘హాజరు కావలెను’ అని రాస్తే ఆమె కొట్టేసి ‘మీకు అభ్యంతరం లేకపోతే’ అని మార్చారు. ఆయన ఏదో సభ కోసం వచ్చి బుధవారం దాకా విద్యాసంస్థ అతిథిగృహంలో ఉంటున్నారు. మూడు గంటలకు ఉత్తరం నేనే తీసుకెళ్లి అక్కడి కౌంటర్లో ఇచ్చాను.

అయిదింటికి ఆయన డ్రైవరును వెంటబెట్టుకుని మా ఆఫీసుకి నడిచి వచ్చారు. మిశ్రా లేచి నిలబడి, మళ్లీ కూర్చోవడం మరిచిపోయాడు.

“నిన్నటి నుంచి ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను,” అన్నారాయన ఇంగ్లీషులో. “ఎవరూ అడగలేదు. మీ పద్ధతి అదేమో అనుకున్నాను.”

“రావలసిన అవసరం మీకు లేదండి,” అన్నాను.

“తెలుసు. ఆ రక్షణ మా ప్రభుత్వానిది. వాళ్లను ఫోనులో అడిగి, సరేనన్నాకే వచ్చాను.”

ఒక పేజీ స్వయంగా రాసిచ్చారు. హూటర్ మోగుతోంది. బూమ్ అప్పటికే సగం దిగింది. గేట్‌మ్యాన్ ఎర్ర జెండా చూపుతున్నాడు. సభకు ఆలస్యమవుతోందని డ్రైవరును ‘పోనీ, పోనీ’ అని తొందరపెట్టింది తానే. ఆ చివరి వాక్యం రాయకపోయినా అడిగేవాళ్లు లేరు. డ్రైవరు తల దించుకుని, “గేటుది తప్పు కాదు, నాదే,” అన్నాడు. మిశ్రా అతని మీద కేసు రాశాడు. కాన్సుల్ రాసిన ఆ వాక్యం వల్ల అతను చిన్న జరిమానాతో బయటపడ్డాడని తరవాత విన్నాను.

వెళుతూ ఆయన బయట బెంచీ మీదున్న యేసురత్నం దగ్గర ఆగారు. ఆ వయసులో రైలుకి ఎదురు ఎలా పరిగెత్తావని అడిగితే నేను తెలుగులో చెప్పాను.

“పరిగెట్టక ఏటి సేస్తాను బాబూ, బండి నిండా మనోలే. గానీ నా మోకాళ్లకి ఏ రక్షణా లేదని సెప్పండాయనకి.”

అదీ చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, యేసురత్నం చెయ్యి పట్టుకుని ఊపారు.

సొరుగులోని కాగితం చింపి కొత్త నోటు రాశాను. ముగ్గురం సంతకాలు పెట్టాం. సాయంత్రమే యేసురత్నాన్ని డ్యూటీలోకి తీసుకున్నారు. అతనికి శిక్ష తప్పించానని కాలనీలో కొందరు నన్ను మెచ్చుకున్నారు. నిజానికి ఒక నిర్దోషికి వ్యతిరేకంగా సంతకం పెట్టకుండా నన్నే తప్పించింది అతను. చదువు చెప్పిన సుధారాణి గారికి, అక్కర్లేకపోయినా వచ్చిన ఆ విదేశీ అధికారికి కూడా నేను రుణపడి ఉన్నాను. తరవాత సర్వీసున్నన్నాళ్లూ, వాంగ్మూలం తీసుకోలేకపోయాం అని రాసేముందు, అడిగామా లేదా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి గేటు దగ్గరికి వెళ్లాను. విరిగిన బూమ్ స్థానంలో రోడ్డుకి అడ్డంగా గొలుసు కట్టి ఎర్ర బోర్డు వేలాడదీశారు. గూడ్సు వస్తోంది. కోల్‌కతా వెళ్లే నీలం ప్లేటు కారు వచ్చి, వంకాయల బస్తాలు వేసుకున్న ఒక టోటో, అంటే బ్యాటరీ రిక్షా, వెనక ఆగింది. గూడ్సు వెళ్లిపోయింది. డ్రైవరు తల బయటపెట్టి, “దాదా, ఖోల్ దీజియే,” అని గొలుసు తీయమన్నాడు.

“ఏక్ ఔర్ హై. రుకియే,” అని, ఇంకో బండి ఉంది ఆగమన్నాడు యేసురత్నం, జెండా దించకుండానే.

వెనకసీటులోంచి కాన్సుల్ ఏదో అన్నారు. డ్రైవరు ఇంజను ఆపేశాడు.