జోజయ్య కలిపిన చుట్టరికాలు

మనిషి కనబడితే చాలు, చుట్టరికం కలపందే జోజయ్యకు నిద్ర పట్టదు. వేరే దురలవాటేమీ లేదు. ఇదొక్కటి చాలదా అని భార్య సుగుణకుమారి ఏడుపు.

ఆస్ట్రేలియాలో వాళ్ళుండే టూవూంబాలో మగవాళ్ళు శనివారం లాన్‌లో గడ్డి కోసుకుంటారు. ఈ మహానుభావుడు లైబ్రరీలో మైక్రోఫిల్ము తిప్పుతాడు. గోదావరి జిల్లాల చర్చిల పాత బాప్తిస్మపు రికార్డులు ఆ రీళ్ళలో ఉన్నాయట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఓ ముత్తాతను పట్టుకొస్తాడు.

"మన పోస్టుమాన్ ఉన్నాడే, మా తాతకు బాప్తిస్మమిచ్చిన దొరగారి మునిమనవడే!"

"అయితే కాళ్ళు కడిగి పీట వెయ్యనా?"

1990లో అక్కడి యూనివర్సిటీకి చదువుకొచ్చిన ఎబెన్‌ని సూట్‌కేసుతో సహా తెచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. "వరసకు మేనల్లుడు. రికార్డుంది." ఆ రికార్డు పుణ్యాన వాడు రెండేళ్ళు ఆమె చేతి చేపల పులుసు తిన్నాడు.

వాడికి ఆసుపత్రి నర్సు డయానాతో పెళ్ళి కుదిరింది. డయానా గోదావరి జిల్లాలో చర్చివాళ్ళ హాస్టల్లో పెరిగిన పిల్ల, తల్లెవరో తెలియదు. నర్సాపురం నుంచి వచ్చిన ఎబెన్ తల్లి శాంతి ఆదివారం భోజనాల దగ్గర నసిగింది.

"పిల్ల బంగారమే, అన్నయ్యగారూ. కానీ నా అనేవాళ్ళు ఒక్కరూ లేకపోతే మావాళ్ళకేం చెప్పను? ఆలోచించుకోవాలి."

డయానా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఎందుకు లేరమ్మా?" అన్నాడు జోజయ్య. "నిన్ననే ఫిల్ములో దొరికింది. నాకు వరసకు చెల్లెలి కూతురు. మేనకోడలు!"

సుగుణకుమారి పకపకా నవ్వింది. "తెలివి తెల్లారినట్టే ఉంది! వీడు మేనల్లుడూ, ఆమె మేనకోడలూ అయితే, ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు కారూ?"

"ఆంటీ, ప్లీజ్!" అన్నాడు ఎబెన్.

శాంతి కంచం పక్కకు జరిపింది. "అయ్యో దేవుడా! వరస కాని పెళ్ళా?"

రికార్డులో చుక్క తప్పన్నా పోట్లాడే జోజయ్య తలవంచుకున్నాడు. "ఎబెన్‌ది అబద్ధమమ్మా. ఏ రికార్డూ లేదు. వాడు మాకేమీ కాడు."

"మరి రెండేళ్ళు నాచేత వండించారే!"

"గది దొరక్క కుర్రాడు బస్‌స్టేషన్లో కూర్చున్నాడే. చుట్టం కాదంటే నువ్వు తలుపు తీసేదానివా?"

తీసేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"డయానాది మాత్రం నిజం," అన్నాడాయన, ఫ్యాన్ వంక చూస్తూ.

సుగుణకుమారి మొగుణ్ణి చూసింది. ముద్ద ఇంకా దించని పిల్లను చూసింది.

"నిజమే వదినగారూ, ఆ రీలు నేనూ చూశాను," అంది, ఆ లైబ్రరీ గుమ్మమైనా తొక్కని ఇల్లాలు. "పిల్ల అచ్చం మా ఆడపడుచు పోలిక. ఆ ముక్కు చూడండి."

శాంతి పరకాయించి చూసింది. "అవును సుమండీ!" అని కంచం దగ్గరకు లాక్కుంది.

వంటింట్లో జోజయ్య గుసగుసగా అడిగాడు: "ఏ చెల్లెలి పోలికే?"

"నాకేం తెలుసు? శనివారం వెళ్ళి వెతకండి!"