ఒక్కడి క్లాసు

మొన్న ఆదివారం మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. వాడికి గేట్ పరీక్షలో మంచి స్కోరు వచ్చింది. ఎం.టెక్‌లో చేరితే ప్రభుత్వం నెలనెలా స్టైపెండ్ ఇస్తుందని ఎవరో చెప్పారట. ఏమేం కాగితాలు కావాలో అడగడానికి మా వైపు చుట్టాల్లో నేనొక్కణ్ణే దిక్కు. ఇలాంటివి చెప్పడం నాకు ఇష్టం కూడా. స్కోరు కార్డు, డిగ్రీ మార్కుల పత్రాలు, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా, అన్నింటిలోనూ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు అంటూ వరుసగా చెప్పుకుంటూ పోయాను. అంతా విన్నాక వాడు, "అన్నా, ఫుల్‌టైమ్ ఉండాల్నట గదా. అంటే రోజు క్లాసుకు పోవాల్నా?" అన్నాడు. పోవాలన్నాను. "అందరు పోతరా?" అన్నాడు. తర్వాత మాట్లాడదామని ఫోన్ పెట్టేసి చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

నేను ఎం.టెక్ చదివిన కాలేజీ నిజామాబాద్ దాటాక, బోధన్ పోయే రోడ్డు మీద ఉండేది. చేరినప్పుడు మా క్లాసు నిండుగానే ఉంది. మొదటి వారం ఫ్యాను కింద బెంచీ కోసం పోటీ పడ్డాం కూడా. తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. కొందరికి హైదరాబాద్ కంపెనీల్లో ఉద్యోగాలొచ్చాయి, కొందరు గ్రూప్స్ కోచింగ్‌కి పోయారు, ఒకాయన పెళ్లి చేసుకుని మామగారి సిమెంటు దుకాణంలో కూర్చున్నాడు. పేర్లు మాత్రం రిజిస్టర్లో అలాగే ఉన్నాయి. దసరా సెలవులు అయిపోయి వచ్చేసరికి గదిలో నేనూ, ఫ్యానూ మిగిలాం. నేను పోకపోవడానికి పట్టుదల లాంటి పెద్ద కారణమేమీ లేదు. నాకు చదువు నచ్చింది, స్టైపెండ్ వస్తోంది, అది వచ్చినన్నాళ్లూ ఇంట్లో చెయ్యి చాపనక్కర్లేదు. అది ఆగిన రోజున నేనూ సంచి సర్దుకుని హైదరాబాద్ బస్సెక్కాల్సిందే.

మాకు వైబ్రేషన్స్ చెప్పే సారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ఒక్కడికి పాఠం చెప్పాల్సి వస్తే ఎవరైనా కుర్చీ దగ్గరికి లాక్కుని చెబుతారు. ఆయన అలా కాదు. వేదిక మీదే నిలబడి, వెనక బెంచీలకు కూడా వినబడేంత గొంతుతో చెప్పేవారు. ఫ్యాను కొక్కేనికి దారం కట్టి, దానికి డస్టరు వేలాడదీసి ఊపి, అది మెల్లగా ఆగేదాకా గది నలుమూలలా చూస్తూ, "అర్థమైందా అందరికి?" అని అడిగేవారు. "అయింది సార్" అని అందరి తరఫునా నేనే అనేవాణ్ణి. ఒకసారి మర్యాదగా ఉంటుందని ముందు బెంచీకి మారాను. ఆయన చాక్‌పీసు ఆపి, "నడుమల కూసో నాయినా. గంత ముంగట కూసుంటే ట్యూషన్ చెప్పినట్టయితది నాకు" అన్నారు. మళ్లీ మధ్యకే వచ్చాను. కొన్ని రోజులు నా నోట్లోంచి వచ్చిన మాటలన్నీ కలిపితే ఆ "అయింది సార్" ఒక్కటే. హాస్టల్లో పీజీ వాళ్ల అంతస్తు ఖాళీ. సాయంత్రం పూట రోడ్డు దాకా నడిచి, టీ బండి దగ్గర నిలబడి, చెరుకు లోడుతో పోయే లారీలను చూసేవాణ్ణి. లారీ పోయాక కూడా ఆ పచ్చి తీపి వాసన కాసేపు గాలిలో ఉండేది. పలకరించేవాళ్లు లేని చోట వాసన కూడా తోడులాగే అనిపిస్తుంది.

నాకు నిజంగా తోడు మా క్లాసువాడు ఒక్కడే, అదీ నెలకోసారి. వాడిది భీమ్‌గల్, పసుపు పండించే ఇల్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం రాగానే స్టైపెండ్ వద్దని రాసిచ్చాడు. పట్టా మాత్రం కావాలన్నాడు. సారుకు వాడంటే ప్రేమ. నెలకోసారి వచ్చి ఒక రోజంతా బుద్ధిగా క్లాసుల్లో కూర్చుంటే రిజిస్టరు సంగతి తాను చూసుకుంటానన్నారు. వాడు తెల్లవారుజామున బస్సు దిగి, ఉస్మానియా బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఏంరా టాపర్, ఈ నెల గూడ క్లాస్ ఫస్టేనా?" అనేవాడు.

"లాస్ట్ గూడ నేనే" అనేవాణ్ణి.

ఆ రోజు సారు కూడా హుషారుగా ఉండేవారు. అందరికీ అర్థమైందా అన్నప్పుడు నిజంగానే ఇద్దరు తలూపేవాళ్లం. సాయంత్రం బస్టాండులో వాణ్ణి ఎక్కించి వచ్చాక ఆ బిస్కెట్లను రోజుకొకటి చొప్పున తినేవాణ్ణి.

మొదటి ఏడాది చలికాలంలో బాపు ఫోన్ చేశాడు. మాది బోధన్ దగ్గర ఊరు. దగ్గరి ఫ్యాక్టరీ మూతపడ్డాక మా చెరుకు దూరపు ఫ్యాక్టరీకి పోయేది. వాళ్లు కటింగ్ ఆర్డర్ ఇచ్చినప్పుడే కొట్టాలి. వంతు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు, ఈలోగా తోట ఎండి తూకం పడిపోతుంది. "ఆర్డర్ అచ్చింది బిడ్డా. మహారాష్ట్ర నుంచి అచ్చిన చెరుకు కొట్టెటోళ్ల గ్యాంగుల మనుషులు తక్కువున్నరు. నువ్వు జర రావాలె" అన్నాడు బాపు. సారుకు చెప్పి వెళ్లాను. చెరుకు ఆకు అంచు బ్లేడులా ఉంటుంది. మొదటి రోజుకే నా వేళ్లన్నీ గీతలు పడ్డాయి, కత్తి పిడి రాసుకుని బొటనవేలు తోలు లేచింది.

రెండో రోజు చేనులో ఉండగా సారు ఫోన్. "రేపు స్కాలర్‌షిప్ తనిఖీకి పైనుంచి ఒక మేడమ్ వస్తున్నరట. నువ్వు లేకుంటే నేను ఎవల్ని సూపియ్యాలె? గీ కోర్సే ఉత్తదని రాసుకపోతరు" అన్నారు. సగం తోట ఇంకా నిలబడే ఉంది. బాపు దాని వంక చూశాడు, నా వంక చూశాడు. "నీ వంతు గూడ గిప్పుడే అచ్చింది. పో" అన్నాడు. నేను సంచి తగిలించుకుని గట్టెక్కుతుంటే, నన్ను చూపిస్తూ, మాస్టరు పారిపోతున్నాడని గ్యాంగు పెద్ద మరాఠీలో అన్నాడు. అందరూ నవ్వారు.

మర్నాడు మేడమ్ ముందు వేలిముద్ర మిషను మీద బొటనవేలు పెట్టాను. పట్టలేదు. మిగతా వేళ్లూ పట్టలేదు. ఆమె నా చేతులు తిప్పి చూసి, "ఏం పని చేస్తవు?" అన్నారు.

"చెరుకు కొట్టి వచ్చిన మేడమ్."

"ఫుల్‌టైమ్ స్టూడెంట్‌వి, చెరుకు కొడుతున్నవా? సరే, నిన్ను గుర్తుపట్టే క్లాస్‌మేట్లను ఇద్దర్ని పిలువు."

నేను సారు వైపు చూశాను. సారు గడియారం చూశారు. "క్లాసు టైమయింది మేడమ్. మీరు గూడ కూసోండ్రి" అన్నారు. ఆమె రిజిస్టరు పట్టుకుని వచ్చి నా వెనక బెంచీలో కూర్చున్నారు. సారు ఎప్పటిలాగే డస్టరు వేలాడదీశారు, ఎప్పటిలాగే నన్ను బోర్డు దగ్గరికి పిలిచి సమీకరణం పూర్తి చేయమన్నారు. ఒళ్లంతా నొప్పులతో, తోలు లేచిన వేళ్లతో, తప్పు లేకుండా రాశాను.

గంట గడిచాక ఆమె లేచి, "నీ సంగతి తెలిసింది. మిగిలినవాళ్లు ఏరి?" అన్నారు. సారు కిటికీ వైపు తిరిగారు. ఆమె నన్నే అడిగారు: "రోజు వచ్చేది ఎవరెవరు? సరిగ్గ చెప్పు. తప్పు చెప్తే నీది గూడ ఆగుతది."

దోస్తు పేరు నోటిదాకా వచ్చింది. వాడు రోజూ వస్తాడని అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆమె నా ముందుకు జరిపినట్టే అదే మిషను వాడి ముందుకూ జరుపుతానంటారు; హైదరాబాద్‌లో ఉన్నవాణ్ణి అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి తేను? అప్పుడు ఇద్దరం పోతాం.

"నేనొక్కణ్ణే మేడమ్" అన్నాను.

నా స్టైపెండ్ ఆగలేదు. రిజిస్టర్లో మిగతా పేర్లన్నీ కొట్టేశారు, దోస్తుకు పట్టా దారి కూడా మూసుకుపోయింది. మిగిలిన సగం తోట తర్వాతి వంతుకు, ఎండిన తూకంతో పోయింది. బాపు దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. కొన్ని రోజులకు దోస్తు ఫోన్ చేశాడు.

"నా పేరు తీసేసిండ్రట. నువ్వేమన్నవ్‌రా?"

"రోజు నేనొక్కణ్ణే వస్తున్న అని చెప్పిన."

అటు నుంచి బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. "నిజమే గదరా" అన్నాడు. "నిజమే చెప్పినవ్." గొంతులో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. ఆ నెల వాడు రాలేదు. రావడానికి ఇక వాడికి పనేముంది? తర్వాతి నెల, ఎప్పుడూ వాడు వచ్చే ఒకటో తారీఖున నాకు తెలియకుండానే బస్టాండు దాకా నడిచి వెళ్లి, హైదరాబాద్ బస్సులు ఖాళీ అయ్యేదాకా నిలబడి వెనక్కి వచ్చాను.

చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. వాడు ఇప్పుడు నాకన్నా పెద్ద హోదాలో ఉన్నాడని విన్నాను. ఆ గదిలో నేను ఒంటరిగా కూర్చున్న రోజులు ఎన్నో ఉండాలి, కానీ విడివిడిగా ఒక్కటీ గుర్తు లేదు. వాడు పక్కన కూర్చున్న కొద్ది రోజులు మాత్రం ఒక్కొక్కటే తీసి చూపించగలను. వెనక్కి తిరిగి చూస్తే ఆ కొన్ని రోజులే నేను గడిపిన కాలంలా కనిపిస్తాయి, మిగతా రెండేళ్లూ వాటి చుట్టూ ఎదురుచూపు.