నారాయణప్ప మోకాలు, అక్కులమ్మ బొంత

2022 వేసవి మొదట్లో చిక్కబళ్ళాపురంలోని ఒక ఆసుపత్రి నుంచి నాకు ఫోన్ వచ్చింది. బాగేపల్లి పక్క పల్లెలో ఒకాయనకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది, ఇంటికి వెళ్ళి ఎక్సర్‌సైజులు చేయించాలి అని. నేను బాగేపల్లిలో ఫిజియోథెరపిస్టుని. ఆపరేషన్లు అయినవాళ్ళ, పక్షవాతం వచ్చినవాళ్ళ కాళ్ళూ చేతులూ మళ్ళీ పనిలోకి తేవడం నా ఉద్యోగం. చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం నన్ను ‘కాళ్ళు వంచే మేడమ్’ అంటారు. అన్నం తినని పిల్లల్ని నా పేరు చెప్పి భయపెట్టే ఇళ్ళు కూడా ఉన్నాయి.

“డెబ్బై రెండేళ్ళ మనిషి మేడమ్. మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, బాత్రూము దాకా పోయొస్తే చాలు” అన్నాడు ఫోన్లో కుర్ర డాక్టరు.

నేను వెళ్ళేసరికి వాకిట్లో ఒక ముసలామె కాళ్ళు బారచాపుకొని చింతపండులో గింజలు తీస్తోంది. పేషెంటు అక్కగారేమో అనుకొని, “మీ తమ్ముడు లోపలున్నాడా అవ్వా?” అని అడిగాను.

“తమ్ముడు కాదు, నా కొడుకు. లోపల పడుకోని ఉండాడు. ముసిలోడైపోయినాడంట” అంది విసుగ్గా.

ఆమె పేరు అక్కులమ్మ. తొంభై దాటి చాలా ఏళ్ళయింది. సరిగ్గా ఎంత అని అడిగితే “లెక్కబెడితే దిష్టి తగుల్తాది” అనేది. ఆమె భర్త తొంభై దాటాకే పోయాడు. మంచేనహళ్ళిలో ఉన్న ఆమె అక్క ఇప్పటికీ తానే పాలు పిండి డెయిరీకి పోస్తుంది. ఆ ఇంటి దారి యముడికి తెలియదని ఊళ్ళో నవ్వుకుంటారు. అలాంటి ఇంట్లో డెబ్బై రెండంటే నడివయసే. నారాయణప్ప మాత్రం దుప్పటి గడ్డం దాకా లాక్కొని, “నా కత అయిపాయ మేడమ్, ఊరికే శ్రమ పడొద్దు” అన్నాడు. శ్రమ పడేది నేను కాదు, ఆయనే అని చెప్పి పని మొదలుపెట్టాను.

మోకాలి ఆపరేషన్ తర్వాత అందరూ కాలు ఎంత వంగుతుందా అని చూస్తారు. మేం అంతకంటే ఎక్కువగా చూసేది ఎక్స్‌టెన్షన్, అంటే కాలు కర్రలా నిటారుగా చాపగలగడం. కొత్త మోకాలు కొంచెం వంగిన దగ్గరే బిగుసుకుపోతే ఆ మనిషి జీవితాంతం కుంటుతూ నడవాలి. చేతికర్ర తప్పదు. దాన్ని సరిచేయడానికి మొదటి కొన్ని వారాలే అదను. అందుకే మడమ కింద టవల్ చుట్టి పెట్టి, మోకాలిని గాల్లో వదిలేసి, తనంతట తాను కిందికి దిగేలా పడుకోబెడతాం. బాగా నొప్పి. ఎంత గట్టి మనిషైనా ఆ సమయంలో నా వంశాన్నంతా తలుచుకుంటాడు.

నారాయణప్ప తిట్టలేదు. “అమ్మా, అమ్మా” అని మూలిగేవాడు. ఆ అమ్మ గడప దగ్గరే కూర్చొని ఉండేది. నేను చేయించి బయల్దేరేసరికి కాలు కాస్త సాగేది. మళ్ళీ వచ్చేటప్పటికి మొదటికి వచ్చేది. కాలు అలా వెనక్కి పోవడానికి కారణం నాకు అంతుపట్టలేదు. పళ్ళబిగువున చేయించాను, అరిచాను, బతిమాలాను. ఫలితం లేదు.

ఒకరోజు ఇంకో పేషెంటు రావద్దనడంతో చెప్పిన వేళకంటే ముందే వాళ్ళింటికి వెళ్ళాను. నారాయణప్ప హాయిగా గురక పెడుతున్నాడు. మోకాలి కింద నాలుగు మడతలు పెట్టిన బొంత ఉంది. పక్కన అక్కులమ్మ కూర్చొని పిక్క నిమురుతోంది. మోకాలి కింద మెత్తగా ఏదైనా పెడితే నొప్పి తగ్గుతుంది, నిజమే. కాలు మాత్రం ఆ వంపులోనే గట్టిపడుతుంది. ఆపరేషనైన రోజే మేం మొట్టమొదట వద్దని చెప్పే పని అది.

నా కోపం చూసి కోడలు రత్నమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. “నేను సెప్తానే ఉండాను మేడమ్. అత్త యినదు. ఆయప్పకు వాళ్ళమ్మ మాటే మాట. నాకూ అరవై ఆరు. రేపు ఇద్దరూ మంచానికి అతుక్కుంటే లేపి కూర్సోబెట్టే బలం నాకు యాడుండాది?” అంది. ఆ ఇంట్లో వయసు గురించి నవ్వులాట కాకుండా మాట్లాడింది ఆమె ఒక్కతే.

అక్కులమ్మ తలెత్తలేదు. “కన్నదాన్ని. వాడు నొప్పి నొప్పి అంటాంటే సూస్తా ఊరికే ఉండల్లనా?”

“అవ్వా, నీ కొడుకు ఇంకా ఇరవై ఏండ్లు బతుకుతాడు, మీ ఇంటి తీరు చూస్తే. ఈ కాలు ఇట్లే బిగుసుకుంటే ఆ ఇరవై ఏండ్లూ చేతికర్రతోనే. ఒక చెయ్యి కర్రకే పోతాది. బరువు పట్టుకోని నాలుగు అడుగులు కూడా వెయ్యలేడు” అన్నాను.

ఆమె చేయి ఆగిపోయింది. కొడుకు మోకాలి వైపు చూసింది.

“అట్లయితే నా కుండ ఎట్ల పడతాడు?”

నాకు వెంటనే అర్థం కాలేదు. రత్నమ్మకు అర్థమై నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్ళలో మనిషి పోతే సొంత చేనులోనే పూడుస్తారు. పెద్దకొడుకు నీళ్ళకుండ భుజం మీద పెట్టుకొని గుంత చుట్టూ మూడు సార్లు తిరగాలి. అక్కులమ్మకు నారాయణప్ప ఒక్కడే కొడుకు. అతను తిరగలేకపోతే ఆ కుండ దాయాదుల పిల్లవాడి భుజం మీదికి పోతుంది. ఆ దాయాదులతో గట్టు తగాదా వచ్చి రెండిళ్ళకూ మాటల్లేవు.

“ఆ ఇంటోళ్ళ సేతి నీళ్ళతోనా నన్ను సాగనంపేది?” అని అక్కులమ్మ బొంతను సర్రున లాగేసింది. నారాయణప్ప కెవ్వుమని లేచాడు.

ఆ రోజు నుంచి నాకంటే పెద్ద ఫిజియోథెరపిస్టు ఆ ఇంట్లో తయారైంది. టవల్ చుట్టి మడమ కింద పెట్టేది, తీయబోతే చేతి మీద కొట్టేది. “అమ్మా” అని మూలిగితే “ఆఁ, ఈడే ఉండా, సాపు” అనేది. ఇక గెలిచినట్టే అనుకున్నాను. అనుకుంటుండగానే నారాయణప్ప పూర్తిగా మొండికేశాడు. కాలు ముట్టుకోనివ్వలేదు. నన్ను ఇక రావద్దన్నాడు.

తల్లి బయటికి వెళ్ళాక అడిగాను, ఏమప్పా ఇది అని. ఆయన గోడ వైపు తిరిగి చెప్పాడు. “నా కాలు బాగయ్యేదానికే ఆమె కాసుకోని ఉండాది మేడమ్. బాగయిందంటే పోతాది. బాగు కాకుండా ఉంటేనన్నా ఉంటాది గదా.”

డెబ్బై రెండేళ్ళ మనిషి అమ్మ కోసం ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. సంచీ తీసుకొని బయటికొచ్చి, వాకిట్లో ఉన్న అక్కులమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆమె గోడ పట్టుకొని లేచి లోపలికి వెళ్ళింది. మంచం మీద కొడుకు పక్కన కూర్చుంది.

“ఏం నాయనా, నువ్వు కుంటోడయితే సావు నన్ను ఇడిసిపెడతాదా? వచ్చే రోజు వస్తాది, నీ కాలును అడిగి రాదు. ఆ రోజు ఎవురో ఒకరు కుండ మోస్తారు. నువ్వు మోస్తే నాకు బాగుంటాది. అంతే.” “అంతదాకా నువ్వు కుంటుతాంటే నేను సూడలేను” అంది.

నారాయణప్ప ముక్కు తుడుచుకొని, టవల్ కోసం చేయి చాపాడు.

వానలు మొదలయ్యేసరికి కాలు నిటారుగా చాపగలిగాడు. వాకర్ వదిలాడు, తర్వాత కర్రా వదిలాడు. అప్పుడు అక్కులమ్మ ఒక బిందె నిండా నీళ్ళు నింపి అతని భుజానికెత్తి, వాకిట్లో ఉన్న తొట్టి చుట్టూ తిరగమంది. రత్నమ్మ లబలబలాడింది. “బతికుండంగానే ఇదేం పనత్తా! సూసినోళ్ళు ఏమనుకుంటారు?”

“మొగోడు ఈ ఇంట్లో నీళ్ళు మోస్తాండాడే అని ముక్కున వేలేసుకుంటారు. తిరగనీ” అంది అక్కులమ్మ. తిరుగుతున్నవాడికి నవ్వొచ్చి సగం నీళ్ళు ఒంటి మీదే పోసుకున్నాడు. నేను మాత్రం అతని మోకాలినే చూశాను. ఎక్కడా వంకర లేదు.

పోయిన ఏడాది నారాయణప్ప బైకు నడుపుకుంటూ నా క్లినిక్కు ముందు ఆపాడు. వెనక సీట్లో అక్కులమ్మ ఉంది. ఏమైందోనని పరుగెత్తుకొచ్చాను. ఆమెకేమీ కాలేదు, మోకాలు నొప్పట.

“వానికి నేర్పిస్తివి గదా, నాకూ నేర్పించు. ముదిమనవరాలి పెండ్లి కుదిరింది, చింతామణిలో. కల్యాణ మండపానికి మెట్లు ఎక్కువంట.”

“కొడుకు కుండ మోయడానికి సిద్ధమైనాడు గదా అవ్వా, నువ్వింకా పెళ్ళిళ్ళ గురించి ఆలోచిస్తున్నావా?” అని ఆటపట్టించాను.

“వాడు సిద్ధమైతే సరిపోతాదా? నేను కావొద్దా?” అంది, కాలు నా ముందు చాపుతూ.

అప్పటి నుంచి ఏ పేషెంటునైనా వయసు కంటే ముందు, ఎక్కడికి నడవాలని ఉంది అని అడుగుతాను. బాత్రూము దాకా చాలు అని నాతో ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు. ఆ రోజు ఆమె మోకాలు వంచి, చాపి, చిప్ప కదిపి చూశాను. అరిగింది కానీ గట్టి కాలే, ఇంకా చాలా మెట్లు ఎక్కుతుంది అని చెప్పాను. ఆ మాట వినగానే నారాయణప్ప బండి చూసుకొస్తానని గబగబా బయటికి నడిచాడు. కిటికీలోంచి చూస్తే, బండి పక్కన నిలబడి భుజం మీది తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.