గురువు కంటే చిలుకే నయం

మా పాప మూడో తరగతిలో ఉండగా కుంటడం మొదలుపెట్టింది. బడిలో ఎక్కడో పడి ఉంటుందనుకున్నాం. నెల దాటినా తగ్గకపోయేసరికి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఎక్స్‌రే చూసి, తుంటి కీలు దగ్గర ఎముకకు రక్తం సరిగ్గా అందడం లేదన్నాడు. చిన్నపిల్లల్లో అప్పుడప్పుడు వస్తుందట. ఎముక మెల్లగా దానంతటదే మళ్లీ కట్టుకుంటుంది, అప్పటిదాకా ఆ కాలు నేలకు మోపకూడదని కట్టు వేశాడు. ఎన్నాళ్లని అడిగితే ఆరు నెలలు అనుకోండమ్మా అన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లను ఆరు నెలలు నడవకుండా ఎట్లా కూర్చోబెట్టాలో మాత్రం చెప్పలేదు.

మేం కొత్తపేటలో, పాత పండ్ల మార్కెట్ వైపు, ఒక ఇంటి పై అంతస్తులో కిరాయికి ఉంటాం. నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పని. పొద్దున పదిన్నరకు పోతే మళ్లీ ఇంటికొచ్చేది చీకటి పడ్డాకే. మా ఆయనకు చౌటుప్పల్ దగ్గర మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఇక పని మానేయడమే దారి అనుకున్నాను. ఆ మాట షాపులో చెప్పడానికి బయల్దేరిన రోజే, మెట్ల కింద ఇంటి ఓనరు ఎదురయ్యాడు.

ఆయనకు డెబ్బై దాటాయి. ఆ చుట్టుపక్కల పొలాలున్న కాలం నుంచీ అక్కడి మనిషే. గడ్డిఅన్నారం మార్కెట్లో నలభై ఏళ్లు బత్తాయిల వేలం పాడాడు. మార్కెట్టును ఊరి బయటికి తరలించాక కొన్నాళ్లు అక్కడికీ పోయి వచ్చాడు గానీ, ఆ దూరం ఓపలేక మానుకున్నాడు. భార్య అంతకుముందే పోయింది. కూతురు బడంగ్‌పేట్‌లో ఉంటుంది. అంత గొంతున్న మనిషి రోజంతా వరండాలో కుర్చీ వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేవాడు. మేం ఇంట్లో చేరి ఏడాదైనా నీళ్ల మోటరు గురించి తప్ప ఆయనతో మాట్లాడింది లేదు.

"పిల్లను నా దగ్గర కూసోబెట్టి పో బిడ్డా," అన్నాడు. "నాకేం పనున్నది? టీవీ ఉన్నది, నేనున్న."

మర్నాటి నుంచి పొద్దున్నే పాపను ఎత్తుకుని కింద దింపడం, సాయంత్రం ఎత్తుకుని పైకి తేవడం. అన్నం డబ్బా కట్టిచ్చేదాన్ని. మధ్యాహ్నం పక్క పోర్షన్ ఆమె వచ్చి బాత్రూముకు తీసుకుపోయేది. మిగతా పొద్దంతా వాళ్లిద్దరూ, టీవీ.

నిజం చెప్పాలంటే నాకు పాప చూసే ఆ బొమ్మల సినిమాలంటే పడేది కాదు. అన్నీ ఒక్కటే కథలాగా అనిపించేవి. ఒక పిల్ల, ఒక మంత్రం, ఒక మాట్లాడే జంతువు, ఒక చెడ్డ రాణి. పిల్ల చదువు పాడవుతుందని రిమోట్ దాచిపెట్టిన రోజులున్నాయి. ఇప్పుడు దాచడానికి నోరు రాలేదు. నడవలేని పిల్లకు ఎగిరే గుర్రాన్ని కూడా చూడొద్దని ఎట్లా చెప్తాను?

ఓనరు తాతకు వాటి సంగతి బొత్తిగా తెలియదు. మొదటి వారమంతా ప్రశ్నలే వేశాడని పాప నవ్వుతూ చెప్పేది. గా చెడ్డ రాణి పిల్లను పట్టుకున్నంక తన ఉపాయం మొత్తం దానికి ఎందుకు చెప్తున్నదని అడిగాడట. ఆమె చెప్పకపోతే మనకెట్ల తెలుస్తది తాతా అని పాప జవాబు. మార్కెట్ల పాట నడిచేటప్పుడు మనసుల ఉన్నది ఎవ్వడన్న బయటికి చెప్తడా, గిసొంటి తెలివితక్కువ రాణి రాజ్యమెట్ల ఏలింది అని ఆయన వాదన. ఆ వాదన రెండు రోజులు నడిచింది. చివరికి ఆయనే దిగివచ్చి, ఆమెకు మాట్లాడనీకె ఎవ్వరు లేరేమో పాపం, దొరికిన పిల్లకే చెప్పుకుంటున్నది అన్నాడట. పాపకు ఆ మాట ఎంత నచ్చిందో, అన్నం తింటూ నాకు రెండుసార్లు చెప్పింది.

కొన్నాళ్లకు ఆయన ఆరితేరాడు. ఒక వారపు సెలవు రోజు నేను పాపకు జడ వేద్దామని కిందికి దిగేసరికి ఇద్దరూ ఒక సినిమా మధ్యలో ఉన్నారు. తెర మీద అందరూ పండగ చేసుకుంటున్నారు. అయిపోయిందా అని అడిగాను. ఆయన తల తిప్పకుండానే, లేదు బిడ్డా, ఇంక చాలా ఉన్నది, గింత తొందరగ గెలిస్తే అది గెలుపు కాదు, ఇప్పుడు అంతా కూలిపోతది చూడు అన్నాడు. నిమిషంలో కూలిపోయింది. పాప ఆయన్ని చూసి గర్వంగా తలూపింది, తన దగ్గర చదువుకున్న పిల్లవాడు పాసైనట్టు.

చూడటం అయ్యాక వాళ్లు ఆడుకునేవాళ్లు. మంచం ఓడ, కాలి కట్టు రాక్షసుడు వేసిన సంకెల. పాప యువరాణి. ఆయనకు గురువు వేషం ఇచ్చింది. తెల్లటి మీసాలున్నాయి, చేతికర్ర ఉంది, అన్నీ సరిపోయాయి. గురువుగా ఆయన పని యువరాణితో డాక్టరు చెప్పిన కసరత్తులు చేయించడం. పడుకునే కాలు లేపాలి, పది లెక్కపెట్టాలి, దించాలి. నేను చేయించబోతే ఏడ్చే పిల్ల, ఆయన చెప్తే మంత్రం నేర్చుకుంటున్నట్టు చేసేది.

ఒకరోజు ఆయన ఊరికే అడిగాడట, ఇంతకు గీ గురువు చివరికి ఏమైతడు బిడ్డా అని. పాప జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఆగిపోయింది. ఆమె చూసిన కథలన్నిట్లో గురువు ఆఖరి యుద్ధానికి ముందే పోతాడు. వెలుగైపోతాడు, లేకపోతే కొండ మీంచి పడిపోతాడు. గురువు ఉన్నంతసేపూ యువరాణి తనంతట తాను యుద్ధానికి దిగదు కాబట్టి ఆయన పోవాల్సిందే.

మర్నాడు పొద్దున ఎత్తుకుని దింపుతుంటే నా భుజం మీంచే ఆయనకు చెప్పేసింది. "తాతా, నువ్వు ఇయ్యాల్టి సంది గురువు కాదు. చిలుకవు."

ఆయన ముఖం చిన్నబోయింది. మీసాలున్న చిలుక యాడన్న ఉంటదా, నిన్నటిదాక మంచిగనే ఉంటి కదా అన్నాడు. పాప కారణం చెప్పలేదు. చిలుక ఎక్కువ మాట్లాడుతది, భయపడతది, జోకులేస్తది, కానీ యువరాణిని వదిలి ఎటూ పోదు అని మాత్రం చెప్పింది. సాయంత్రం నాకు రహస్యంగా చెప్పింది అసలు సంగతి. చిలుకకు దెబ్బ తగులుతదట, కళ్లు మూసుకుంటదట, అందరూ ఏడుస్తరట, కానీ కాసేపటికి ఒక కన్ను తెరుస్తదట. చిలుకను ఎవ్వరూ చంపరు.

ఆరో నెలలో ఎక్స్‌రే తీసి, ఎముక బాగా కట్టుకుంటోందని డాక్టరు కట్టు విప్పేశాడు. ఇక నడిపించమన్నాడు. ఆ వారంలోనే ఓనరు తాతకు పొద్దున్నే గుండెల్లో నొప్పి వచ్చింది. మా ఆయనే ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాడు. స్టెంట్ వేశారు. అక్కడి నుంచి కూతురు తన ఇంటికి, బడంగ్‌పేట్ తీసుకుపోయింది.

పాప నడవనని మొండికేసింది. నిలబెడితే మోకాళ్లు వంచేసి కూలబడేది. నేను షాపులో మూడు వారాలు సెలవు పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. బతిమాలాను, తిట్టాను, ప్రార్థన చేశాను. మూడో రోజు రాజీకి వచ్చి, సరే, నువ్వు చూసే బొమ్మల సినిమానే నాకూ పెట్టు అన్నాను. అట్లా మొదటిసారి ఒక సినిమా మొదటి నుంచి చివరిదాకా పిల్ల పక్కన కూర్చుని చూశాను.

ఆ కథలోనూ తల్లి లేదు. ఆ మాటే అడిగాను. ఏ కథలో చూసినా అమ్మ చచ్చిపోయో, తప్పిపోయో ఉంటుంది, రాసేవాళ్లకు అమ్మలంటే అంత కోపమా అని. సరదాకే అన్నాను గానీ లోపల కొంచెం గుచ్చుకుంది కూడా.

పాప నన్ను జాలిగా చూసింది. "అమ్మ ఉంటే పోనియ్యదు కదా," అంది. "పడతవ్ అంటది. మంచిది కాదంటది. అప్పుడు యువరాణి ఇంట్లనే ఉంటది. ఇంక కథెక్కడిది?"

ఆ మూడు రోజుల్లో నేను ఎన్నిసార్లు పడతవ్ అన్నానో నాకే తెలుసు. నిలబెట్టిన ప్రతిసారీ రెండు చంకల కింద చేతులు పెట్టి, అది అడుగు వేయకముందే ఎత్తేసేదాన్ని. పిల్ల మొండితనం అనుకున్నదాంట్లో సగం నా భయమే.

ఆ తర్వాత పాపే అడిగింది, చిలుక కన్ను తెరిచిందా అని. తెరిచింది అని చెప్పాను. నమ్మలేదు. నిజానికి నాకూ గట్టిగా తెలియదు, ఆయన కూతురికి ఫోన్ చేసి విసిగించడం ఎందుకని ఊరుకున్నాను. ఇక ఆగలేక చేశాను. నాన్న లేచి కూర్చుంటున్నాడక్కా, కానీ ఎక్కువ మాట్లాడొద్దన్నారు అంది ఆమె. ఒక్క నిమిషం పాపతో మాట్లాడిస్తావా అని అడిగాను. ఫోను ఆయన చేతికి వెళ్లింది. పాప స్పీకర్ మీద ముఖం పెట్టి ఊపిరి బిగబట్టింది. అవతల నుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా, బొంగురుగా, చిలుక కూత ఒకటి. మార్కెట్టునంతా నిలబెట్టిన గొంతు అంత చిన్నగా రావడం నేను అప్పుడే విన్నాను.

"ఒక కన్ను తెరిచిన యువరాణీ," అన్నాడు. "రెండోది నువ్వు నడిచినంక తెరుస్త."

ఆ సాయంత్రం గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. అంతకంటే కష్టమైన పని నా జీవితంలో చేయలేదు.

రెండు వారాల్లో ఇల్లంతా తిరగసాగింది. ఆయన కూడా తన ఇంటికి వచ్చేశాడు. కానీ మెట్లెక్కొద్దని డాక్టరు ఆయనకు చెప్పాడు. పాప మెట్లు దిగడం ఇంకా మొదలుపెట్టలేదు, ఎత్తుకుని దింపుతానంటే ఒప్పుకోలేదు. చివరికి ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చాక, ఇయ్యాల నేనే కిందికి పోతా అంది. సరే అని చెప్పులు వేసుకోబోయాను.

"నువ్వు రావొద్దు. కనపడొద్దు కూడా," అంది.

మా ఆయన నన్ను చూశాడు. నేను వంటింట్లోకి వెళ్లి సింకు అంచు పట్టుకుని నిలబడ్డాను. పాప చేయి మెట్ల రెయిలింగ్ మీద రాసుకుంటున్న చప్పుడు, ఒక్కో అడుగూ వినపడుతోంది. లెక్కపెట్టుకుంటున్నాను. మలుపు దగ్గర చప్పుడు ఆగింది. ఎంతసేపటికీ మళ్లీ మొదలవలేదు. పరుగెత్తబోయాను. మా ఆయన గుమ్మంలో అడ్డంగా నిలబడి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు కింది నుంచి తాత గొంతు, అరవకుండా, మెల్లగా, వేలం పాట పాడే పద్ధతిలోనే వచ్చింది. ఒకటోసారి... రెండోసారి... మూడోసారి అనే లోపు అడుగుల చప్పుడు మళ్లీ మొదలైంది. ఆ తర్వాత ఆగలేదు.

నేను దిగి వెళ్లేసరికి పాప ఆయన కుర్చీ చేతి మీద కూర్చుని ఉంది. ఇద్దరూ ఏడుస్తారేమో, నేనూ ఏడవొచ్చు అనుకుని వెళ్లాను. వాళ్లు అప్పటికే ఏ సినిమా పెట్టాలా అని వాదించుకుంటున్నారు.

తర్వాతి నెలలో, పాప నడిచినందుకు మా మేడ మీద కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. చర్చి వాళ్లు, షాపు వాళ్లు వచ్చారు. ఓనరు తాతకు మెట్లెక్కడానికి అప్పటికి అనుమతి దొరికింది. తెల్ల బట్టలు వేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. పాస్టరు గారు మాకు జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పమంటే లేచి, దేవుడికి, డాక్టరుకు, కింద ఉండే మా పెద్దాయనకు వందనాలు చెప్పాను. ఆ బొమ్మల కథలు రాసినవాళ్లకు కూడా చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అందరూ నవ్వుతారేమోనని కూర్చున్నాను. ఆ వెలితి ఇన్నేళ్లూ ఉండిపోయింది.

ఇప్పుడు పాప ఏడో తరగతి. వేగంగా పరుగెత్తితే ఎడమ కాలు ఇంకా కొంచెం లాగుతుంది. ఆ సినిమాలు చిన్నపిల్లలవి అని మానేసింది. నేనే వారపు సెలవు రోజు బట్టలు మడతపెడుతూ అప్పుడప్పుడు చూస్తాను. అన్నీ ఒక్కటే కథ అని ఒకప్పుడు విసుక్కున్నాను. ఒక్కటే కాబట్టే నా పిల్ల దాన్ని నమ్మగలిగింది. ముందు అంతా కూలిపోతుందని, తర్వాత ఎవరో ఒకరు కన్ను తెరుస్తారని, చివరి మెట్టు మాత్రం ఎవరికి వాళ్లే దిగాలని దానికి ముందే తెలుసు. అది నేను నేర్పింది కాదు. నాకే అప్పటికి తెలియదు.

సినిమా అయ్యాక చివర్లో పేర్లు పైకి పోతుంటాయి, చిన్న అక్షరాల్లో, ఒక్కటీ చదవలేనంత వేగంగా. ఎక్కడివాళ్లో, ఏ దేశం వాళ్లో. టీవీ కట్టేయకుండా ఆఖరి పేరు పోయేదాకా కూర్చుంటాను.